శవం దగ్గర ఎవరు కూర్చోవాలి? సినగాగుల్లో వంతుల సంగతి

అమెరికాలో మనవాళ్ళు నలుగురు కూర్చున్న చోట యూదుల మాట వస్తే కచ్చితంగా వినపడే డైలాగ్ ఒకటుంది. "వాళ్ళు కొద్దిమందే కదండీ, పైగా అందరూ డబ్బున్నోళ్ళు, అందుకే ఒకళ్ళకొకళ్ళు చేసుకుంటారు." దాని వెనకాలే "మనవాళ్ళకి ఆ యూనిటీ ఏదీ" అని ఒక నిట్టూర్పు, ఆ తర్వాత బిర్యానీ. నేనుండేది పిట్స్‌బర్గ్‌లో, స్క్విరెల్ హిల్ దగ్గర్లో, అంటే వందేళ్ళ నుంచీ యూదులు గుంపుగా ఉంటున్న పేట పక్కనే, కాబట్టి ఈ డైలాగ్ విని విని ఉన్నా, ఇంక ఊరుకోలేక రాస్తున్నా. యూనిటీ వాళ్ళకి మనకన్నా ఎక్కువేం లేదు. ఒక యూదుడు ఒంటరిగా దీవిలో చిక్కుకుపోతే రెండు సినగాగులు (వాళ్ళ ప్రార్థన మందిరాలు) కట్టుకున్నాడట, ఒకటి తను వెళ్ళడానికి, రెండోది చచ్చినా గడప తొక్కకుండా ఉండటానికి, ఈ జోకు చెప్పుకుని నవ్వుకునేది వాళ్ళే. వాళ్ళ దగ్గర ఉన్నది యూనిటీ కాదు, వంతు. కష్టం రాకముందే, ఏ కష్టానికి ఎవరు లేవాలో తేలిపోయి ఉంటుంది. మనం మనసు మీద వదిలేసేదాన్ని వాళ్ళు లిస్టులో పెట్టారు, అంతే తేడా, నా దృష్టిలో చాలా పెద్ద తేడా.

బయటనుంచి చూసేవాళ్ళకి సినగాగ్ అంటే శనివారం ప్రార్థన, నెత్తిన చిన్న టోపీ, హీబ్రూ పుస్తకం, ముందర ఒక రబ్బీ, అంటే మతగురువు. నిజానికి రబ్బీ లేకపోయినా సినగాగ్ నడుస్తుంది. పదిమంది పెద్దవాళ్ళుంటే చాలు, దాన్ని మిన్యాన్ అంటారు, మొదలెట్టెయ్యొచ్చు. (ఆ పదిమందిలో ఆడవాళ్ళని లెక్కెయ్యాలా వద్దా అన్నది వేరే పెద్ద గొడవ, పాత ఆచారం వదలని ఆర్థడాక్స్ శాఖవాళ్ళు ఇప్పటికీ వెయ్యరు, కన్సర్వేటివ్ శాఖవాళ్ళు 1973లో ఒప్పుకున్నారు.) మా ఊళ్ళో దోర్ హదాష్ అని ఒక సంఘం ఉంది, వాళ్ళు చాలా ఏళ్ళు సొంత రబ్బీ లేకుండా సభ్యులే ప్రార్థనలు నడుపుకుంటూ వచ్చారు. రబ్బీ లేకపోయినా ఆగనిది ఈ సభ్యుల గుంపులు లేకపోతే మాత్రం ఆగిపోతుంది. జబ్బుపడ్డవాళ్ళని చూసొచ్చే గుంపు ఒకటి, బికుర్ హోలిమ్. చావు పనులు చూసేది హెవ్రా కదీషా. వడ్డీ లేకుండా అప్పో వస్తువో ఇచ్చేది గెమాఖ్. ఆడవాళ్ళ సిస్టర్‌హుడ్, మగవాళ్ళ మెన్స్ క్లబ్, శనివారం ప్రార్థన అయ్యాక కిద్దుష్ తిండి చూసేవాళ్ళు, కుర్రాళ్ళ గుంపు, అన్నీ ప్రతి సినగాగ్‌లో ఉండవు, చిన్నవాటిలో ఒకే మనిషి మూడు టోపీలు పెట్టుకుని తిరుగుతుంటాడు, అది వేరే సంగతి.

ముందు ఆ "డబ్బున్నోళ్ళు" మాట తేల్చేద్దాం. న్యూయార్క్‌లో హీబ్రూ ఫ్రీ లోన్ సొసైటీ అని ఇప్పటికీ ఉంది, 1892లో లోయర్ ఈస్ట్ సైడ్‌లో ఒక చిన్న సినగాగ్‌లో మొదలైంది. మొదలైనప్పుడు వాళ్ళ మూలధనం 95 డాలర్లు. తొంభై అయిదు వేలు కాదు, తొంభై అయిదు. రష్యా నుంచీ పోలండ్ నుంచీ పారిపోయొచ్చి ఒక్కో గదిలో అరడజను మంది పడుకునే కాలం అది, ఆ డబ్బులోంచి అయిదూ పదీ డాలర్లు అప్పిచ్చేవాళ్ళు, తోపుడుబండి కొనుక్కోవడానికో ఇంకేదైనా చిన్న వ్యాపారానికో, వడ్డీ లేకుండా, తీర్చాక అదే డబ్బు ఇంకొకడికి. అంటే డబ్బొచ్చాక ఈ పద్ధతి పెట్టుకోలేదు, పద్ధతి పెట్టుకునే నాటికి చేతిలో ఏమీ లేదు. తోటివాడి దగ్గర వడ్డీ తీసుకోకూడదని వాళ్ళ పవిత్ర గ్రంథం తోరాలోనే ఉంది. పన్నెండో శతాబ్దంలో మైమోనిడిస్ అనే పండితుడు దానాన్ని ఎనిమిది మెట్లుగా పేర్చి, అన్నిటికన్నా పై మెట్టు మీద అన్నదానాన్ని కాదు, అప్పునీ, ఉద్యోగాన్నీ, వ్యాపారంలో భాగస్వామ్యాన్నీ పెట్టాడు, అవతలివాడు మళ్ళీ చెయ్యి చాపే అవసరం రాకూడదని.

గెమాఖ్ ఇప్పుడు డబ్బుతోనే ఆగలేదు. ఒకావిడ బేస్‌మెంట్ నిండా మడత కుర్చీలు ఉంటాయి, ఎవరింట్లో ఫంక్షన్ అయినా పట్టుకెళ్ళి తెచ్చిచ్చెయ్యడమే. ఇంకొకరింట్లో పెళ్ళి గౌన్లు, ఇంకోచోట చంకకర్రలు, వీల్‌చైర్లు, చంటిపిల్లల కార్ సీట్లు. ఒక్కో ఇల్లు ఒక్కో వస్తువు. మొత్తం ప్రపంచాన్ని ఉద్ధరిస్తాం అని ఎవరూ బ్యానర్ కట్టరు, "కుర్చీలు నా దగ్గర" అంటారు అంతే. ఈ ఇరుకుతనమే ఈ మొత్తంలో నాకు బాగా నచ్చిన సంగతి, ఎందుకంటే పెద్ద ఆశయం ఉన్న సంఘం ఏ పనీ సొంతం చేసుకోదు, కుర్చీలు మాత్రమే చూసుకునే మనిషి దగ్గర ఎప్పుడడిగినా కుర్చీలు దొరుకుతాయి.

డబ్బు విషయంలో ఇంకో ముచ్చట చెప్పి ముందుకెళ్తా, గుడి కమిటీల్లో పనిచేసినవాళ్ళు కాస్త నవ్వుకుంటారు. మిష్నాలో, అంటే దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ళ కిందటి ధర్మశాస్త్రంలో, ఊరి పేదల నిధికి రూలుంది: వసూలు ఇద్దరు కలిసి చెయ్యాలి, పంపకం ముగ్గురు కలిసి చెయ్యాలి. ఆ పని ఒక్కడి చేతిలో పెట్టకూడదు. నమ్మకం లేక కాదట, జనం మీద అధికారం ఒక్కడికే ఇవ్వకూడదని. మన దగ్గర ఇద్దరు కలిసి వసూలు చేస్తారు సరే, పంపకం దగ్గరే కదా అసలు సినిమా.

తిండి సంగతికి వస్తే నేను దగ్గర్నుంచి చూసింది ఇదే. మా ఆఫీసులో ఒకావిడకి సర్జరీ అయ్యింది, వాళ్ళ సినగాగ్‌వాళ్ళు భోజనాల లిస్టు పెట్టారు, ఆన్‌లైన్‌లో తేదీలు, పక్కన పేర్లు. నేనూ పేరిచ్చా. ఆ లిస్టు చూసే ఆవిడ ఫోన్ చేసి చాలా మర్యాదగా విషయం చెప్పింది, పేషెంట్ ఇంట్లో కోషర్ (యూదుల తిండి నియమాలు) పాటిస్తారు కాబట్టి మా వంటింట్లో వండింది వాళ్ళు తినలేరు, కానీ నేను వదిలేస్తానేమో అని ఆ వెంటనే "కోయని పళ్ళు, పేపర్ ప్లేట్లు, నాప్‌కిన్లు మీవి, మంగళవారం" అంది. చూశారా, వంట పనికిరాని మనిషికి కూడా వంతు దొరికింది! తీసుకెళ్ళాను, గుమ్మం బయట వరండాలో పెద్ద ఐస్‌బాక్స్ పెట్టి ఉంది, అందులో పెట్టేసి వచ్చెయ్యడమే, బెల్లు కొట్టకూడదు. వండినవాళ్ళందరూ అల్యూమినియం ఫాయిల్ ట్రేల్లో తెచ్చారు, మూత మీద మార్కర్‌తో ఏమేం పడ్డాయో, నట్స్ ఉన్నాయా లేవా, ఏ వేడిలో ఎంతసేపు పెట్టాలో రాసుంది, ట్రే పారేసేదే కాబట్టి గిన్నె కడిగి తిరిగివ్వాలన్న బెంగ లేదు. మనింట్లో ఎవరికైనా ఒంట్లో బాలేదంటే వచ్చినవాళ్ళకి కాఫీ కలిపివ్వడంలోనే సగం ప్రాణం పోతుంది. "అయ్యో లేవకండి వదినా" అంటూనే గంటన్నర కూర్చుంటారు. ఆ ఐస్‌బాక్స్‌ని చూసి నాకు నిజంగా ముచ్చటేసింది.

జబ్బుమనిషిని చూడ్డానికి వెళ్ళినవాడు ఆ జబ్బులో అరవయ్యో వంతు తీసుకుపోతాడని తాల్ముద్‌లో, అంటే మిష్నా మీద పండితుల చర్చల గ్రంథంలో ఉంది. అయితే అరవై మందిని పంపిస్తే జబ్బు పూర్తిగా పోవాలిగా అని అక్కడే ఒకాయన ఎదురు ప్రశ్న వేస్తాడు, దానికి జవాబు: కాదు, ఒక్కొక్కడూ తీసేది మిగిలినదాంట్లో అరవయ్యో వంతు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి చెప్పక్కర్లేదు, అది సున్నాకి ఎప్పటికీ రాదు. దుఃఖంలో ఉన్న ఇంటికి వెళ్ళినప్పుడు ఇంకా కచ్చితమైన రూలు, ఆ ఇంటివాళ్ళు నోరు విప్పేదాకా వచ్చినవాళ్ళు మాట్లాడకూడదు. ఏడు రోజులు షివా, ఇంటివాళ్ళు కిందకి కూర్చుంటారు, తలుపు గడియ ఉండదు, జనం లోపలికొచ్చి ఊరికే కూర్చుంటారు. ఎలా జరిగింది, ఏ హాస్పిటలు, ముందే స్కానింగ్ తీయించాల్సింది, మా బావగారికీ ఇలాగే, ఇవేవీ ఉండవు. కనీసం రూలు ప్రకారం ఉండకూడదు, మనుషులన్నాక ఒకరిద్దరు మొదలెడతారనుకోండి.

అంత్యక్రియల నుంచి తిరిగొచ్చాక మొదటి భోజనం ఆ ఇంటివాళ్ళు తమ సొంత తిండి తినకూడదు, పొరుగువాళ్ళు తేవాలి, గుడ్లూ మసూర్ పప్పూ లాంటివి, గుండ్రంగా ఉండేవి. ఇది చదవగానే మీకు తట్టే ఉంటుంది, మన ఊళ్ళలోనూ చావింట్లో పొయ్యి వెలిగించరు, చుట్టాలో పక్కింటివాళ్ళో వండి తెస్తారు. అంటే మనకి లేనిది కాదు. మరి అమెరికా వచ్చేసరికి ఏమైంది? మన పద్ధతి చుట్టరికం మీద, వీధి మీద, కులం మీద నిలబడి ఉంది, ఆ మూడూ విమానం ఎక్కలేదు (మూడోది ఎక్కింది లెండి, కానీ అన్నం వండి తేవడానికి కాదు). వాళ్ళు వందల ఏళ్ళుగా ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తరిమేస్తుంటే తిరిగినవాళ్ళు, పక్కింటి అత్తయ్య ఉంటుందన్న గ్యారంటీ ఎప్పుడూ లేదు, అందుకే అత్తయ్య చెయ్యాల్సిన పనిని కమిటీకి అప్పజెప్పుకున్నారు. మా పిట్స్‌బర్గ్‌లోనే చూడండి, 1847లో ఇక్కడి యూదులు మొట్టమొదట పెట్టుకున్న సంఘం ప్రార్థనకి కాదు, పూడ్చడానికి, ట్రాయ్ హిల్ మీద శ్మశానానికి స్థలం కొనుక్కున్నారు, సినగాగ్ తర్వాత నిలదొక్కుకుంది. మనవాళ్ళు 1976లో పెన్ హిల్స్‌లో వెంకటేశ్వరస్వామి గుడి మొదలెట్టారు, గొప్ప పనే, ఆ పులిహోర కోసం పక్క రాష్ట్రాల నుంచి కార్లేసుకుని వస్తారు, వంటింట్లో వాలంటీర్లు కూడా నడుం విరిగేలా చేస్తారు, నేనేం కాదనను. కానీ యాభై ఏళ్ళ తర్వాత కూడా ఇక్కడ మనవాడు ఎవరైనా పోతే మొదటి గంటలో ఎవరికి ఫోన్ చెయ్యాలో చాలామందికి తెలీదు.

ఇప్పుడు హెవ్రా కదీషా. అసలు ఈ పోస్టు దీని కోసమే రాస్తున్నా.

యూదుల్లో ఎవరైనా చనిపోతే, ఆచారం ప్రకారం శవాన్ని కడిగి బట్టలు వేసేది ఫ్యూనరల్ హోమ్ జీతగాళ్ళు కాదు, కుటుంబం కూడా కాదు, ఈ గుంపు సభ్యులు. మగవాళ్ళకి మగవాళ్ళు, ఆడవాళ్ళకి ఆడవాళ్ళు. పగలు అకౌంటెంటో టీచరో పంటి డాక్టరో అయిన మనిషి, సాయంత్రం ఫోన్ వస్తే వెళ్తాడు. నేను చూడలేదు, బయటవాళ్ళని రానివ్వరు, నాకు చెప్పింది ఆ సర్జరీ అయినావిడే, తను చాలా ఏళ్ళ నుంచి ఆ పనిలో ఉంది, పేర్లు లేకుండా పద్ధతి మాత్రం చెప్పింది. నలుగురైదుగురు కలిసి చేస్తారు. శరీరం మొత్తం ఎప్పుడూ కప్పే ఉంటుంది, కడిగే భాగం మేరకే గుడ్డ తీస్తారు, కడగ్గానే కప్పేస్తారు. బోర్లా పడుకోబెట్టరు. శవం మీదుగా చేతులు చాపి ఒకరికొకరు వస్తువులు అందించుకోరు, చుట్టూ తిరిగొచ్చి ఇస్తారు. ప్రార్థన తప్ప మాటలుండవు, ఆ ప్రార్థనలో "అతని శిరస్సు మేలిమి బంగారం" అనే బైబిల్లోని పరమగీతం వాక్యాలు ఉంటాయి, ముసలి ఒంటిని, జబ్బుతో చిక్కి పుల్లలా అయిపోయిన ఒంటిని చూస్తూ అవి చదువుతారు. శుభ్రం చెయ్యడం అయ్యాక అసలు తహారా, అంటే శుద్ధి స్నానం, మూడు బకెట్ల నీళ్ళు, తల నుంచి కాళ్ళదాకా, ఒక బకెట్ అయిపోయేలోపే రెండోది మొదలవ్వాలి, ధార మధ్యలో తెగకూడదు. ఆ తర్వాత తెల్లటి నార బట్టలు, వాటికి జేబులుండవు, గట్టి ముళ్ళుండవు, నాడాని ఊరికే మెలిపెట్టి హీబ్రూ అక్షరం ఆకారంలో వదులుతారు. చివర్లో శవాన్ని పేరు పెట్టి పిలిచి, మా వల్ల ఏదైనా అమర్యాద జరిగుంటే క్షమించమని అడుగుతారు.

బట్టల విషయంలో ఒక చరిత్ర ఉంది. ఒకప్పుడు శవాలకి ఖరీదైన బట్టలు వేసే పోటీ పెరిగిపోయి, పేదవాళ్ళు ఆ ఖర్చు భరించలేక శవాన్ని వదిలేసి పారిపోయే దాకా వచ్చిందట. అప్పుడు రబ్బన్ గమలీయేల్ అనే పెద్దాయన, అందరికన్నా పైవాడు, నన్ను మామూలు నార బట్టలో పంపండి అన్నాడు, అప్పట్నుంచి అందరికీ అదే. పెట్టె కూడా మామూలు చెక్క. కోటీశ్వరుడైనా గుమస్తా అయినా ఒకటే జత. మన పెళ్ళిళ్ళకి ఇలాంటి పెద్దాయన ఒక్కడు పుట్టలేదే అనిపిస్తుంది.

ఎవరు కడిగారో కుటుంబానికి చెప్పరు. చాలా చోట్ల అంతే. కడిగినవాళ్ళు కూడా బయట అనరు. మర్నాడు కిరాణా షాపులో ఆ చనిపోయినావిడ కూతురు ఎదురైనా హలో అని వెళ్ళిపోతారు. శవానికి చేసే సాయాన్నే అసలైన సాయం అంటారు, హెసెద్ షెల్ ఎమెత్, ఎందుకంటే అవతలి మనిషి తిరిగి చెయ్యలేడు, థాంక్స్ కూడా చెప్పలేడు. శాలువా కప్పడానికి స్టేజీయే లేని పని ఇది. ఏడాదికోసారి, మోషే చనిపోయిన రోజుగా వాళ్ళు లెక్కేసుకునే అదార్ నెల ఏడో తేదీన, చాలా ఊళ్ళలో ఈ గుంపువాళ్ళు పగలంతా ఉపవాసముండి రాత్రికి కలిసి భోజనం చేస్తారు. దొరికే సన్మానం అదొక్కటే.

ఇక్కడే నాకు మనవాళ్ళతో అసలు పేచీ. శవాన్ని ముట్టుకుంటే మైల అన్నది మన దగ్గరే ఉందనుకుంటాం, యూదుల్లో కూడా ఉంది, ఇంకా గట్టిగా ఉంది, కోహెన్లు అంటే పాత పూజారి వంశంవాళ్ళు ఇవాళ్టికీ దగ్గరి రక్తసంబంధం అయితే తప్ప శ్మశానంలో అడుగు పెట్టరు. మైల అనే ఆలోచన ఒకటే, దాంతో ఇద్దరూ చేసిన పని వేరు. మనం ఏం చేశాం? మైల అంటుకునే పనులన్నీ, చచ్చిన పశువుని ఎత్తడం, డప్పు కొట్టడం, కాటి కాపలా, మైలబట్టలు ఉతకడం, కొన్ని కులాలకి పుట్టుకతో అంటగట్టి, ఆ పని చేస్తున్నారు కాబట్టి వాళ్ళు తక్కువవాళ్ళు అన్నాం. యూదులు అదే మైల పనిని ఊళ్ళో పెద్దమనుషుల పని చేశారు. ప్రాగ్ నగరంలో హెవ్రా కదీషా 1564లో పెట్టారు, దానిలో సభ్యత్వం దొరకడమంటే పరువు, పద్దెనిమిదో శతాబ్దంలో తమ పనినే దశలవారీగా బొమ్మలు గీయించుకున్నారు, రోగి మంచం దగ్గర ప్రార్థన నుంచి శవాన్ని కడగడం, మోయడం, గొయ్యి తవ్వడం దాకా, ఆ బొమ్మలు ఇప్పటికీ ప్రాగ్ యూదు మ్యూజియంలో ఉన్నాయి. మంచి కోటు వేసుకున్న మర్యాదస్తులు శవాన్ని మోస్తూ దాన్ని గొప్పగా బొమ్మ గీయించుకున్నారంటే ఆలోచించండి.

అంతా బంగారం అనుకోవద్దు, ఆ పరువే తర్వాత రోగమైంది, యూరప్‌లో కొన్ని హెవ్రాలు బతికుండగా దానం చెయ్యని పిసినారి ధనవంతుడు పోతే సమాధి స్థలానికి కుటుంబం దగ్గర ముక్కుపిండి వసూలు చేసేవని పేరు తెచ్చుకున్నాయి. కానీ ఆ పని చేసినవాడి పిల్లల్ని ఎవరూ ఊరి బయట కూర్చోబెట్టలేదు.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే చిన్న యూదు సంఘం ఒకటుంది, బెనె ఎఫ్రాయిమ్ అంటారు, తొంభైల మొదటి నుంచి వాళ్ళకి సొంత సినగాగ్ కూడా ఉంది. చాలావరకు మాదిగ కుటుంబాలు, అంతకుముందు క్రైస్తవులు, మేము ఇశ్రాయేలు పోగొట్టుకున్న గోత్రంవాళ్ళం అంటారు. ఆ వంశావళి నిజమా కాదా అని వాదించేవాళ్ళు చాలామంది ఉన్నారు, నాకు ఆ వాదన మీద ఆసక్తి లేదు. నాకు తట్టేది ఒకటే, ఏ పని చేశారని మన ఊళ్ళు వాళ్ళని దూరం పెట్టాయో, దాదాపు అదే రకం పనిని నెత్తిన పెట్టుకున్న మతంలోకి వాళ్ళు వెళ్ళారు.

2018 అక్టోబర్ 27న, శనివారం పొద్దున, మా స్క్విరెల్ హిల్‌లో ట్రీ ఆఫ్ లైఫ్ సినగాగ్‌లోకి ఒకడు తుపాకీతో వచ్చి పదకొండు మందిని చంపాడు. ఆ భవనంలో మూడు సంఘాలు ప్రార్థన చేసుకునేవి, పైన చెప్పిన దోర్ హదాష్ వాటిలో ఒకటి. శరణార్థులకి సాయం చేసే హయాస్ అనే యూదు సంస్థ మీద వాడికి పగ, దోర్ హదాష్ వాళ్ళు హయాస్‌తో కలిసి శరణార్థుల కోసం ఒక శనివారం ప్రార్థన జరిపారని ఆ పగ ఇక్కడికి తిరిగింది, అంటే ఒక వాలంటీర్ పని చేసినందుకే వెతుక్కుని వచ్చాడు. పోయినవాళ్ళలో ఎక్కువమంది పెద్దవయసువాళ్ళు, టైముకన్నా ముందే వచ్చి కూర్చునే రకం, మిన్యాన్‌కి లెక్క తక్కువ కాకూడదని వచ్చేవాళ్ళు, తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకి పుస్తకాలందించేవాళ్ళు.

యూదు ఆచారంలో శవాన్ని పూడ్చేదాకా ఒంటరిగా వదలకూడదు, ఎవరో ఒకరు దగ్గర కూర్చోవాలి, షెమీరా అంటారు. ఇది హత్య కేసు, పోలీసులు లోపలికి రానివ్వరు, పోస్ట్‌మార్టం తప్పదు. అయినా హెవ్రా వాళ్ళు వచ్చేశారు. ఎంత దగ్గరికి రానిస్తే అంత దగ్గర్లో, మెడికల్ ఎగ్జామినర్ ఆఫీసు దగ్గర, వంతులేసుకుని రాత్రంతా కూర్చున్నారు. తర్వాత ఎఫ్‌బీఐ పని ముగించాక వాళ్ళలో కొందరు ఆ భవనంలోకి వెళ్ళి నెత్తురు తుడిచి సేకరించారు, నెత్తురు కూడా శరీరంలో భాగమే, దాన్నీ పూడ్చాలి కాబట్టి. ఆ వారం ఊళ్ళో మేమందరం కొవ్వొత్తులు పట్టుకుని వీధుల్లో నిలబడ్డాం, ఏడ్చాం, ఫేస్‌బుక్‌లో ఫోటో మార్చుకున్నాం. అవి వద్దనట్లేదు. కానీ ఎవరూ మీటింగ్ పెట్టుకుని "ఏం చేద్దాం" అని అనుకోకుండా, ఆ రోజే తమ పనేంటో తెలిసి కదిలినవాళ్ళు వీళ్ళే. ఆ పని వాళ్ళు ఆ రోజు నేర్చుకోలేదు, చాలా ఏళ్ళుగా ఎవరికీ తెలీని ముసలివాళ్ళ విషయంలో చేస్తూ వచ్చారు.

సరే, లోపాలు. మొదటిది ఆడవాళ్ళ కష్టం. సిస్టర్‌హుడ్‌లు లేకపోతే ఇరవయ్యో శతాబ్దపు అమెరికా సినగాగ్ లేదు, రిఫార్మ్ శాఖలో 1913లోనే వాటికి జాతీయ సమాఖ్య వచ్చింది, అంధుల కోసం బ్రెయిల్ పుస్తకాల సంస్థ 1931లో రావడం వెనక ఉన్నది వాళ్ళే, వంటిల్లు వాళ్ళది, ఆదివారం బడి వాళ్ళది, గిఫ్ట్ షాపు వాళ్ళది. కానీ చాలాకాలం పాటు పాత లిస్టుల్లో వాళ్ళ పేర్లు మిసెస్ ఫలానా అని మొగుడి పేరుతోనే ఉండేవి, బోర్డు మీటింగులో కుర్చీ మాత్రం ఫలానాది. అమెరికాలో మొదటి మహిళా రబ్బీ 1972లో వచ్చింది. ఆడవాళ్ళు ఉద్యోగాలకి వెళ్ళాక, ఇప్పుడు వాళ్ళే ప్రెసిడెంట్లు, రబ్బీలు అయ్యాక, మధ్యాహ్నం పూట వచ్చి మూడొందల మందికి సలాడ్ తరిగేవాళ్ళు లేరు, చాలా చోట్ల సిస్టర్‌హుడ్‌లు ముసలివైపోయాయి. ఇది చూసి "అయ్యో పాత రోజులు" అనేవాళ్ళతో నేను కలవను. జీతం లేని పని ఆడవాళ్ళ నెత్తిన వేసి దానికి సేవ అని పేరు పెట్టడం మనకీ తెలిసిన విద్యే. మగవాళ్ళ సంగతి చెప్పాలంటే కొన్ని సినగాగుల్లో కిద్దుష్ క్లబ్ అని ఒకటుండేది, ప్రార్థన మధ్యలో మెల్లగా జారుకుని పక్కగదిలో విస్కీ తాగొచ్చే గుంపు, ఆర్థడాక్స్ యూనియన్ దాన్ని ఆపండి అని ప్రచారమే చెయ్యాల్సొచ్చింది!

రెండోది డబ్బు. సినగాగ్ సభ్యత్వం చాలాచోట్ల ఏడాదికి వేల డాలర్లు, తగ్గిస్తారు అడిగితే, కానీ అడగాలి కదా, మైమోనిడిస్ ఏ సిగ్గు తప్పించాలన్నాడో ఆ సిగ్గే. మూడోది, ఎక్కడ చూసినా అదే పదిమంది. ప్రతి కమిటీలోనూ వాళ్ళే, అలిసిపోతారు, విసుక్కుంటారు, కొత్తవాళ్ళకి పని అప్పజెప్పరు, మళ్ళీ ఎవరూ రావట్లేదంటారు. ఇది యూదుల సమస్య కాదు, మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సమస్య కూడా.

పెద్ద సినగాగ్ అయితే ఇంకో చిక్కు, వెయ్యి కుటుంబాలుంటే ఎవరు ఎవరికీ తెలీదు, ప్రార్థన షో అయిపోతుంది, జనం ప్రేక్షకులు. కాలిఫోర్నియాలో ఎన్సినో అనేచోట వ్యాలీ బెత్ షాలోమ్ సినగాగ్ రబ్బీ హెరాల్డ్ షుల్‌వైస్ 1970 ప్రాంతాల్లో దీనికి మందు కనిపెట్టాడు, మొత్తాన్ని పదేసి కుటుంబాల చిన్న గుంపులుగా విడగొట్టాడు, హవూరా అని, మీ పండగలు మీరు కలిసి చేసుకోండి, మీలో ఎవరికైనా ఏమైనా అయితే ముందు మీరు వెళ్ళండి అన్నాడు. పెద్ద సంఘం నడిపే ఎవరికైనా ఇది పనికొస్తుంది, ముఖ్యంగా ఉగాదికి ఎనిమిదొందల మందిని హైస్కూల్ ఆడిటోరియంలో కూర్చోబెట్టి రాత్రి పదకొండింటిదాకా డాన్సులు చూపించి దాన్నే కమ్యూనిటీ అనుకునేవాళ్ళకి.

మనవాళ్ళు ఏమీ చెయ్యట్లేదని అనను. తానా లాంటి పెద్ద సంఘాల్లో ఇలాంటి అత్యవసరాలకి వాలంటీర్ల టీములున్నాయి, యాక్సిడెంట్లో పోయిన కుర్రాళ్ళ శరీరాల్ని ఇండియా పంపించడానికి పరుగులు పెట్టినవాళ్ళు నాకు తెలుసు, వాళ్ళకి దండం. కానీ అది ఎక్కువగా ఏదో భయంకరమైనది జరిగినప్పుడు, ఫండ్‌రైజర్ లింకుతో, వార్తల్లోకి వచ్చినప్పుడు. పిల్లల దగ్గరుండటానికి వచ్చిన డెబ్భై ఏళ్ళ తండ్రి మామూలుగా గుండెపోటుతో పోతే? ఫ్యూనరల్ హోమ్‌లో తెలీని మనిషి స్నానం చేయిస్తాడు, పంచె ఎలా కట్టాలో వాడికి తెలీదు, కొడుక్కీ తెలీదు, యూట్యూబ్ చూసి కడతారు. ఇది అతిశయోక్తి కాదు.

అందుకే మా ఊరి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో మొన్న ఫిబ్రవరిలో ఒక మెసేజ్ పెట్టా, చావు పనులకి ఒక చిన్న టీము పెట్టుకుందాం, నలుగురు మగవాళ్ళు నలుగురు ఆడవాళ్ళు, కులం అడగకూడదు, వాళ్ళ పద్ధతేదో అడిగి కనుక్కుని అలాగే చెయ్యాలి, చేసింది బయట చెప్పుకోకూడదు అని. మొదటి జవాబు "ఉగాది ముందు ఈ అశుభం ఏంటి బ్రో". రెండోది మడత చేతుల బొమ్మ. మూడోది, దీనికి స్పాన్సర్లని అడుగుదామా, టీషర్ట్ లోగో మా అమ్మాయి చేస్తుంది అని! ఒకాయన మాత్రం విడిగా ఫోన్ చేశాడు, ఊళ్ళో వాళ్ళ నాన్న పోయినప్పుడు వీసా చిక్కుల వల్ల వెళ్ళలేకపోయాడట, నేనొస్తా గానీ ఇండియాలో మా అమ్మకి తెలియనివ్వకండి, స్నానాలు చేసి మూడు రోజులు గుడికెళ్ళొద్దంటుంది అన్నాడు. తర్వాత ఒక నర్సమ్మ, తర్వాత భార్యాభర్తలు ఇద్దరు. ప్రస్తుతానికి అయిదుగురం. వచ్చే నెల ఆ హెవ్రా ఆవిడ మాకు కూర్చోబెట్టి చెప్తానంది, ముందు నేర్చుకోవాల్సింది కడగడం కాదట, డెత్ సర్టిఫికెట్ కాగితాలూ, రాత్రిపూట ఫోన్ ఎత్తే ఫ్యూనరల్ హోములేవో, వాళ్ళ రేట్లూ. ఆడవాళ్ళ వైపు ఇంకా ఇద్దరు కావాలి, పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల ఉన్నవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, టీషర్టులు ఉండవు.